తడుముకోకుండా చెప్పే జవాబు

కూనవరం ఏ జిల్లాలో ఉంది? శబరి వచ్చి గోదావరిలో కలిసే ఊరది. 1955 ప్రాంతంలో అక్కడ పుట్టి, అక్కడే ఉండిపోయిన పెద్దమనిషికి ఇల్లు కదలకుండానే నాలుగుసార్లు జిల్లా మారింది. ఆయన పుట్టేనాటికి అది తూర్పు గోదావరి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలపడంతో అది ఖమ్మం అయింది. 2014లో రాష్ట్రం విడిపోయి పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడంతో మళ్లీ తూర్పు గోదావరి అయింది. 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. 2025 డిసెంబరు 31న రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా ఏర్పడ్డాక, ఇప్పుడు ఆ జిల్లా.

ఇదే ప్రశ్న ఫోన్‌లో చాట్‌బాట్‌ను అడిగితే రెండు మూడు సెకన్లలో జవాబొస్తుంది. సరైనదే రావచ్చు. పదేళ్ల కిందటిది రావచ్చు. ఒక కాలపు జిల్లాకు మరో కాలపు రాష్ట్రాన్ని అతికించిన, ఏ రికార్డులోనూ లేని చిరునామా కూడా రావచ్చు. మూడూ ఒకే ధీమాతో వస్తాయి. ఎటపాకలో టీకొట్టు దగ్గర అడిగితే మనిషి ఒక్క క్షణం ఆగి, ‘ఎప్పటి సంగతి అడుగుతున్నారు?’ అంటాడు. ఆ తడబాటే మనకు కావాల్సిన సమాచారం. చాట్‌బాట్ జవాబులో అది కనిపించదు.

లేనిది ఉన్నట్టు చెప్పే ఈ గుణాన్నే ఏఐ రంగంలో హాల్యూసినేషన్ అంటున్నారు. దాన్ని పసిగట్టడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఖమ్మం, భద్రాచలం, చింతూరు, కుంట దారుల్లో తిరిగేవాళ్లకు నిజానికి ఒక అనుకూలత ఉంది. హద్దులు మారిన నేల మీద, పాత కాగితం ఒకటి చెబితే కొత్త కాగితం ఇంకొకటి చెప్పే చోట బతికినవాళ్లు వాళ్లు. ఏ కాగితం, ఏ తేదీది, ఎవరిచ్చింది అని అడగడం వాళ్లకు కొత్త కాదు. ఆ అలవాటును ఫోన్ తెర మీదికి తేవడమే ఇక్కడ నేర్చుకోవాల్సింది.

ముందు యంత్రం ఎందుకిలా చేస్తుందో తెలియాలి. లార్జ్ లాంగ్వేజ్ మోడల్ అనేది కోట్లాది పేజీలు చదివి, ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశముందో నేర్చుకున్న యంత్రం. వెతికే సౌకర్యం జోడించకపోతే అది జవాబు కోసం ఏ రిజిస్టరూ తీసి చూడదు. పదే పదే చదివిన సంగతిని సరిగ్గానే చెబుతుంది. ఎక్కడో ఒకటి రెండు చోట్ల తగిలిన సంగతి దగ్గరికి వచ్చేసరికి, అలాంటి వాక్యాల్లో మామూలుగా ఏముంటుందో అది నింపేస్తుంది. తాజ్‌మహల్ గురించి తప్పు చెప్పడం అరుదు. వెలేరుపాడు లాంటి మారుమూల మండలం గురించి తప్పు చెప్పడం తేలిక.

2025 సెప్టెంబరులో ఓపెన్‌ఏఐ పరిశోధకులు ఒక పత్రంలో ఇంకో కారణం చూపించారు. ఈ మోడళ్లకు మార్కులు వేసే పరీక్షలు చాలావరకు నెగెటివ్ మార్కులు లేని పరీక్షల్లాంటివని వాళ్ల వాదన. ‘తెలియదు’ అంటే సున్నా, ఊహించి రాస్తే ఒక్కోసారి మార్కు. గ్రూప్స్‌కు చదివే అభ్యర్థి ఎవరైనా అలాంటి పేపర్లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలడు. యంత్రమూ వదలడం లేదు.

దీని ఫలితం కోర్టులదాకా వెళ్లింది. 2023లో న్యూయార్క్‌లో ఏవియాంకా విమాన సంస్థపై వేసిన కేసులో న్యాయవాదులు ఉదహరించిన తీర్పుల్లో కొన్ని అసలు లేనేలేవు. చాట్‌జీపీటీ వాటిని పేర్లతో, నంబర్లతో సహా అల్లి ఇచ్చింది. జడ్జి కెవిన్ కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా వేశారు. అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క ఇంకొకటుంది. వారిలో ఒక న్యాయవాది, ఆ తీర్పుల్లో ఒకటి నిజమైనదేనా అని చాట్‌జీపీటీనే అడిగారు. నిజమైనదేనని, పేరున్న న్యాయ డేటాబేస్‌లలో దొరుకుతుందని అది బదులిచ్చింది. మన దగ్గర విజయవాడలో ఒక కింది కోర్టు ఉత్తర్వులోకే ఏఐ పుట్టించిన లేని తీర్పులు చేరాయి. ఆ వ్యవహారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాటి 2026లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. చట్టం చదివినవాళ్లే చిక్కుకున్నారంటే, మామూలు మనిషి మోసపోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇది. జవాబిచ్చినదాన్నే, అదే సంభాషణలో, ‘ఇది నిజమేనా’ అని అడగడం పరీక్ష కాదు. చాలాసార్లు అది తన మాటనే మళ్లీ నిలబెడుతుంది. మనం గట్టిగా కాదంటే క్షమాపణ చెప్పి ఇంకో జవాబిస్తుంది. ఆ రెండో జవాబు కూడా మొదటిదానిలాగే పుట్టి ఉండొచ్చు.

దానికి బదులు చేయాల్సింది, అదే ప్రశ్నను కొత్త సంభాషణ తెరిచి మళ్లీ మళ్లీ అడగడం. వినడానికి చాలా చిన్న పనిలా ఉంటుంది. కానీ దీని వెనక గట్టి పరిశోధన ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సెబాస్టియన్ ఫర్కార్, జానిక్ కోసెన్, లోరెంజ్ కూన్, యారిన్ గాల్ 2024 జూన్‌లో ‘నేచర్’ పత్రికలో ఒక పద్ధతి ప్రచురించారు. ఒకే ప్రశ్నను మోడల్‌కు పలుమార్లు వేస్తారు. వచ్చిన జవాబులను అర్థాన్ని బట్టి గుంపులు కడతారు. మాటలు వేరైనా అర్థం ఒకటైతే ఒకే గుంపు. అన్నీ ఒక గుంపులో పడితే మోడల్‌కు ఆ విషయంలో పట్టుందని, జవాబులు నాలుగు దిక్కులకు చెదిరితే అది ఊహించి చెబుతోందని లెక్క. ఈ చెదురును కొలిచే కొలతకు సెమాంటిక్ ఎంట్రొపీ అని పేరు పెట్టారు.

ఇంట్లో దీన్ని చేసుకోవడానికి కాగితం, పెన్ను చాలు. ‘కూనవరం మండలం 2014కు ముందు, 2014 తర్వాత, 2022 తర్వాత ఏ జిల్లాల్లో ఉంది?’ అని ఒక చాట్‌లో అడిగి జవాబు రాసుకోవాలి. ఆ చాట్ మూసేసి, కొత్తది తెరిచి, అదే ప్రశ్న వేయాలి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే సరిపోతుంది. పోల్చేటప్పుడు వాక్యాలను పట్టించుకోకూడదు. జిల్లా పేరు, సంవత్సరం, అంకె, మనిషి పేరు, ఈ నాలుగే చూడాలి. ఒకసారి ఖమ్మం, ఇంకోసారి భద్రాద్రి కొత్తగూడెం, మరోసారి అల్లూరి జిల్లా అని 2022 తర్వాతి కాలానికే వచ్చిందనుకోండి, ఆ ప్రశ్నకు ఆ యంత్రం దగ్గర జవాబు లేదని తెలిసిపోయినట్టే. ఏది నిజమో ఇంకా తెలియకపోయినా, ఏది నమ్మకూడదో తెలిసింది.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. దాన్ని ఆ పరిశోధకులే స్పష్టంగా చెప్పారు. యంత్రం తప్పునే గట్టిగా నేర్చుకుని ఉంటే, పదిసార్లు అడిగినా ఆ తప్పే పదిసార్లు వస్తుంది. చెదురు ఉండదు. పాత సమాచారం విషయంలో జరిగేది ఎక్కువగా ఇదే. జవాబులు కలవకపోతే అనుమానించాల్సిందే, కానీ కలిసినంత మాత్రాన నిజమనుకోకూడదు.

రెండో మెలకువ, జవాబును ముక్కలు చేయడం. భద్రాచల రామదాసు గురించి అడిగితే వచ్చే ఒక్క పేరాలో ఆరేడు సంగతులుంటాయి. అసలు పేరు కంచర్ల గోపన్న, పుట్టింది నేలకొండపల్లి, 17వ శతాబ్దం, పాల్వంచ పరగణా తహసీల్దారు, గోల్కొండ తానీషా, అక్కన్న మాదన్నలతో సంబంధం, పన్నెండేళ్ల చెర. ఒక్కొక్కదాన్ని విడదీసి విడి ప్రశ్నగా, విడి చాట్‌లో అడగాలి. పేరా మొత్తంగా చదివితే నాలుగు నిజాల మధ్య ఒక అబద్ధం హాయిగా దాక్కుంటుంది. విడిగా నిలబెడితే దాక్కోలేదు. ఈ ఉదాహరణలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తానీషా పాలన చరిత్ర. శ్రీరాముడే వచ్చి వరహాలు చెల్లించడం భక్తుల నమ్మకం. రెండూ మన సంస్కృతిలో గౌరవం ఉన్నవే, కానీ యంత్రం రెండింటినీ ఒకే గొంతుతో చెబుతుంది. పైగా మహారాష్ట్రలో సమర్థ రామదాసు అనే మరో మహనీయుడు అదే శతాబ్దంలో ఉన్నారు. ఒకరి జీవితం ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఇలాంటి చోటే ఎక్కువ. ఖమ్మం, మార్కాపురం వైపు కంభం పేర్లలోనూ అదే చిక్కు.

ప్రశ్నలోనే అబద్ధం పెట్టి చూడటం మూడో పద్ధతి. భద్రాచలం దగ్గర గోదావరి పాత వంతెనను 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఈ సంగతి తెలిసినవారు చాట్‌బాట్‌ను, ‘భద్రాచలం వంతెన కట్టిన బ్రిటిష్ ఇంజనీరు ఎవరు?’ అని అడిగి చూడాలి. ‘అది స్వాతంత్ర్యం వచ్చాక కట్టింది కదా’ అని అంటే మంచిదే. ఒక దొరగారి పేరు చెప్పి, ఆయన చదువు, అనుభవం కూడా వర్ణిస్తే, ఆ రోజు దాన్ని ఏ ముఖ్యమైన పనికీ వాడకపోవడం మేలు. మన ప్రశ్నలో ఉన్న పొరపాటును అది మోసుకుపోతుందన్న ఎరుక ఎప్పుడూ ఉండాలి. ‘ఎందుకు’ అని అడిగేముందు ‘అసలు జరిగిందా’ అని అడగాలి.

ఇవన్నీ పసిగట్టే పద్ధతులు. పసిగట్టాక ఏం చేయాలన్నది ప్రశ్నను బట్టి ఉంటుంది. ఏజెన్సీలో భూమి గురించి అడిగే ప్రశ్నకు, సినిమా గురించి అడిగే ప్రశ్నకు ఒకే జాగ్రత్త సరిపోదు.

భూమి సంగతే చూడండి. పోడు చేసుకుంటున్న కుటుంబంలో చదువుకున్న పిల్లవాడు అటవీ హక్కుల చట్టం గురించి ఫోన్‌లో అడిగాడనుకుందాం. ఆ చట్టం పేరులో 2006 ఉంది. అర్హతకు గీత గీసిన తేదీ 2005 డిసెంబరు 13. చట్టం అమల్లోకి వచ్చింది 2007 చివర్లో, నియమాలు వచ్చింది 2008 మొదట్లో. నాలుగు సంవత్సరాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నప్పుడు యంత్రం ఒకదాని చోట ఇంకొకటి పెట్టడం తేలిక. గిరిజనులు కాని ఇతర సంప్రదాయ అటవీ నివాసులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. సాగు భూమికి గరిష్ఠ పరిమితి 4 హెక్టార్లు. జవాబులో హెక్టార్లు ఎకరాలైపోతే ఆ కుటుంబం తనకు హక్కున్న భూమిలో సగానికి పైగా వదిలేసుకునే ప్రమాదముంది.

భద్రాచలం వైపు ఇంకా లోతుకు వెళ్లాలి. గోదావరికి ఒక ఒడ్డున భద్రాచలం ఏజెన్సీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, కాబట్టి 1917 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టం అక్కడ వర్తించింది. రెండో ఒడ్డున పాల్వంచ నిజాం రాజ్యం. 1959 భూబదలాయింపు నిబంధన ఆంధ్ర ప్రాంతానికి ముందొచ్చింది, తెలంగాణ ప్రాంతానికి 1963లో విస్తరించింది. 1970లో దాన్ని మరింత కట్టుదిట్టం చేశారు. అంటే నది ఇవతల ఒక తేదీ, అవతల ఒక తేదీ. ‘షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు’ అని చాట్‌బాట్ ఒక్క వాక్యంలో చెబితే అది స్థూలంగా సరైనదే. 1960ల్లో జరిగిన ఒక కొనుగోలు మీద వివాదమైతే ఆ వాక్యం ఎందుకూ పనికిరాదు.

ఉద్యోగాలకు చదివేవాళ్లకు మరో ఉచ్చు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబరు 3 గురించి ఇరవై ఏళ్ల రాతలు ఉన్నాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. పాత రాతలే ఎక్కువ చదివిన యంత్రం జీవో ఇంకా అమల్లో ఉన్నట్టే మాట్లాడొచ్చు. భూమి రికార్డుల విషయమూ ఇంతే. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ధరణిలో ఏ మాడ్యూల్ నొక్కాలో వివరించే జవాబు కనిపిస్తే, అది ఎప్పటి సమాచారమో వెంటనే అర్థం చేసుకోవాలి. అందుకే ప్రతి ప్రశ్నకూ చివర ‘ఇది ఏ తేదీ నాటి సమాచారం, తర్వాత మార్పులేమైనా వచ్చాయా’ అని చేర్చడం మంచిది. జవాబుతో పాటు లింకు ఇస్తే తెరిచి చూడాలి. లింకు ఉన్నంత మాత్రాన సరిపోదు. యంత్రం చెప్పిన వాక్యం ఆ పేజీలో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆ పేజీ అసలు తెరుచుకోకపోవడం, తెరుచుకున్నా అందులో వేరే సంగతి ఉండటం కూడా హాల్యూసినేషన్‌కు గుర్తులు కావచ్చు.

పొలం దగ్గర పొరపాటుకు మూల్యం వెంటనే కనిపిస్తుంది. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు ఖమ్మం ప్రాంతపు మిర్చిని దెబ్బతీసింది. చాలామంది రైతులు తోటలు పీకేశారు. అంతకుముందు మన రైతుకు తెలిసిన తామర పురుగు ఆకు మీద పడి పై ముడత తెచ్చేది. కొత్తది పూలలో చేరి పూత రాలుస్తుంది. పేరు దాదాపు ఒకటే, తీరు వేరు. ‘తామర పురుగుకు ఏ మందు’ అని రెండు ముక్కల్లో అడిగితే యంత్రం ఏ పురుగు గురించి చెబుతోందో అడిగినవాడికీ తెలియదు. అందుకే మందు పేరు, మోతాదు విషయంలో చాట్‌బాట్ మాటను చివరి మాటగా తీసుకోకూడదు. డబ్బాతో వచ్చే కరపత్రం విప్పి చూడాలి. ఏ పంటకు, ఏ పురుగుకు అనుమతి ఉంది, హెక్టారుకు ఎంత మందు, ఎన్ని లీటర్ల నీరు, కొట్టాక ఎన్ని రోజులకు కోయాలి, అన్నీ అందులో ఉంటాయి. డబ్బా మీది త్రికోణం రంగు విషతీవ్రత చెబుతుంది. ఎరుపైతే అత్యంత విషపూరితం. వైరాలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది, రైతు వేదిక దగ్గర వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) ఉంటారు.

ఈ మాట ఏఐని దూరం పెట్టమని కాదు. దాని మేలు ఖమ్మం రైతు చూశాడు. 2022లో తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం చేతులు కలిపి, డిజిటల్ గ్రీన్ సంస్థ ద్వారా ఈ జిల్లాలో 7,000 మంది మిర్చి రైతులతో ‘సాగు బాగు’ నడిపించాయి. వాట్సాప్‌లో తెలుగులో సలహాలు, భూసార పరీక్షలు, కాయ నాణ్యతను ఏఐతో అంచనా వేయడం అందులో భాగాలు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని ఫోరం ప్రకటించింది. చాట్‌జీపీటీ రాకముందే మొదలైన ఆ పథకంలో ప్రతి సలహా ఒకే పంటకు, ఒకే జిల్లాకు కట్టుబడి ఉంది. ప్రపంచంలోని ప్రతి ప్రశ్నకూ జవాబిస్తానని కూర్చున్న చాట్‌బాట్‌ను అంతే నమ్మకంతో చూడటం సరికాదు.

వరద మాట వేరుగా చెప్పాలి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. ఈ అంకెలు స్థిరమైనవి కాబట్టి యంత్రం సరిగ్గా చెప్పొచ్చు. ఈ రాత్రి నీటిమట్టం ఎంతన్నది మాత్రం దాని జ్ఞాపకంలో ఉండే సంగతే కాదు. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కు, తహసీల్దారుకు ఫోన్ చేయాలి. పాము కాటుకైతే చాట్ తెరవడమే వద్దు, 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరాలి.

భాష కూడా లెక్కలోకి వస్తుంది. ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగులో యంత్రం చదివిన రాత తక్కువ, అందులో మన ఏజెన్సీ గురించిన రాత ఇంకా తక్కువ. కోయలో అయితే దాదాపు లేనట్టే. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025 సెప్టెంబరులో తెచ్చిన ‘ఆది వాణి’ అనువాద యాప్ తొలి విడతలో సంతాలీ, భిలీ, ముండారీ, గోండీ ఉన్నాయి. కోయ లేదు. కోయ మాటలకు అర్థాలు, కోయ పండుగల వివరాలు అడిగితే వచ్చే జవాబులో అల్లిక పాలు ఎక్కువ. ఆ విషయంలో ఊరి పెద్దల మాటకున్న విలువ తెర మీద వచ్చే పేరాకు లేదు. బడి ప్రాజెక్టుల కోసం పిల్లలు దాన్ని యథాతథంగా రాసుకుంటే, తర్వాత ఎవరో దాన్ని నెట్‌లో పెడితే, రేపటి యంత్రం ఆ తప్పునే చదివి నేర్చుకుంటుంది. ఉపాధ్యాయులు ఈ గొలుసును బడిలోనే తెంచాలి.

చాట్‌బాట్ చెప్పిందన్నది రక్షణ కాదు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి ప్రయాణం తర్వాత కూడా రాయితీ కోరవచ్చని తప్పుగా చెప్పింది. అందుకు సంస్థే బాధ్యత వహించాలని, పరిహారం చెల్లించాలని 2024 ఫిబ్రవరిలో కెనడాలోని ఒక ట్రిబ్యునల్ తేల్చింది. మన దగ్గర మీసేవ, నెట్ సెంటర్లలో అర్జీలు టైపు చేసేవాళ్లు ఇప్పుడు ఏఐతో రాయించడం మొదలుపెట్టారు. అర్జీ కింద సంతకం మాత్రం చదువు రాని రైతుది, వితంతు పింఛను కోసం వచ్చిన అవ్వది. అందులో ఒక సెక్షన్ నంబరు తప్పుపడితే తిరిగేది వాళ్లే.

అందుకే ఆ పనిలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క విన్నపం. భద్రాచలం ఐటీడీఏలో గిరిజన దర్బారుకు పట్టుకెళ్లే అర్జీని ఏఐతో రాయించితే, ప్రింటు తీసి అందులోని ప్రతి తేదీ, జీవో నంబరు, సెక్షన్, సర్వే నంబరు కింద పెన్నుతో గీత గీయండి. ఒక్కొక్కదాన్ని పాసుపుస్తకంతోనో, జీవో కాపీతోనో, గ్రామసభ తీర్మానంతోనో సరిచూడండి. కాగితం దొరకనిదాన్ని కొట్టేసి, ఆ అర్జీదారు తన నోటితో చెప్పిన మాటే రాయండి.